చక్రం తిప్పిన బైండరు : మైఖేల్ ఫారడే జీవితం



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందని మన కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను రచయితను కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యేదాకా నోట్ ఫైళ్ళు, డ్రాఫ్టులు తప్ప మరొకటి వ్రాసి ఎరుగను. అయినా కార్యదర్శి గారి మాట తీసివేయలేక ఒప్పుకున్నాను. ఎవరి గురించి వ్రాయాలా అని నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డాను. చివరకు మన సంఘం హాలులోని సీలింగు ఫ్యానే దారి చూపింది.

మొన్న వేసవిలో జరిగిన నెలవారీ సమావేశం సభ్యులకు గుర్తుండే ఉంటుంది. కోశాధికారి గారు జమాఖర్చులు చదువుతుండగా కరెంటు పోయింది. అరగంట సేపు చేతిలో ఉన్న కాగితాలతో, కండువాలతో విసురుకుంటూ కూర్చున్నాము. కరెంటు వచ్చి ఫ్యాను రెక్క కదిలేసరికి, చదువుతున్న కోశాధికారి గారితో సహా అందరమూ ఒక్కసారి తల పైకెత్తి చూశాము. ఏదో దేవుని రథం కదిలినట్లు అందరి ముఖాల్లోనూ సంతోషం. ఇంటికి నడిచి వస్తూ అనుకున్నాను: కరెంటు బలంతో ఒక వస్తువు ఆగకుండా గుండ్రంగా తిరగడాన్ని లోకానికి మొట్టమొదట చూపించిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేద కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగు చేసి బ్రతికినవాడు. మనలాగే పెన్షను తీసుకున్నవాడు. ఆ పెన్షను కోసం ఒక ప్రధానమంత్రి ఎదుట తల వంచనివాడు. ఆయనే మైఖేల్ ఫారడే. ఇంతకన్నా మన సంచికకు తగిన మనిషి ఎవరు దొరుకుతారు?

బాల్యం, బైండింగు పని

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను నగరానికి దక్షిణంగా ఉన్న న్యూయింగ్టన్ అనే చోట జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి పని చేసేవారు. ఆయనది రోగిష్టి శరీరం. కొలిమి దగ్గర పని చేసిన రోజులకన్నా మంచం మీద ఉన్న రోజులే ఎక్కువ. నలుగురు పిల్లల్లో ఫారడే మూడవవాడు. 1801లో ధరలు మండిపోతున్నప్పుడు ఆ ఇంట్లో పిల్లవాడి వంతుకు వారానికి ఒక రొట్టె వచ్చేది. ఆ ఒక్క రొట్టెనే వారమంతా సర్దుకోవాలి. రేషను కార్డు పట్టుకుని క్యూలో నిలబడిన మన తరానికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

చదువు అంటే చదవడం, వ్రాయడం, కొద్దిగా లెక్కలు. అంతే. పదమూడవ ఏట, 1804లో, రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర వార్తాపత్రికలు ఇంటింటికీ చేరవేసే కుర్రవాడిగా చేరారు. మరుసటి సంవత్సరం నుంచి ఏడేళ్ళు అక్కడే బైండింగు నేర్చుకునే ఒప్పందం కుదిరింది. యజమాని మంచివాడు. కుర్రవాడు బైండింగుకు వచ్చిన పుస్తకాన్ని కుట్టి వదిలిపెట్టకుండా లోపల ఏమున్నదో చదువుతూ ఉంటే కోప్పడలేదు సరికదా, ప్రోత్సహించాడు. అలా బైండింగుకు వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం ఫారడే కంటపడింది. జేన్ మార్సెట్ అనే ఆమె రసాయన శాస్త్రం గురించి సంభాషణల రూపంలో వ్రాసిన పుస్తకం మరొకటి. చదివినదాన్ని నమ్మి ఊరుకోకుండా, కొన్ని పెన్నీలు కూడబెట్టి సీసాలూ తీగలూ కొని, తానే చేసి చూసేవారు.

1810లో తండ్రి చనిపోయారు. ఆ రోజుల్లో లండనులో ఒక సంఘంవారు సాయంత్రం పూట సైన్సు ఉపన్యాసాలు పెట్టేవారు. ఒక్కొక్క దానికి ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. ఆ షిల్లింగు కమ్మరి పని చేస్తున్న అన్నగారు రాబర్టు ఇచ్చేవారు. తమ్ముడు చదువుకోవాలని తన కష్టంలోనుంచి తీసి ఇచ్చిన ఇటువంటి అన్నలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

జవాబు రాని దరఖాస్తు

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఫారడేకు నాలుగు టిక్కెట్లు ఇచ్చారు. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆనాటి ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు అవి. ఫారడే అన్నిటికీ వెళ్ళి, ప్రతి మాటా వ్రాసుకుని, ఇంటికి వచ్చి సాపు చేసి, బొమ్మలు వేసి, తన చేతితోనే చక్కగా బైండు చేసుకున్నారు.

సైన్సులో ఏ చిన్న పని దొరికినా చాలునని రాయల్ సొసైటీ అధ్యక్షుల వారికి ఒక దరఖాస్తు పెట్టుకున్నారు. జవాబు కోసం ద్వారపాలకుడి దగ్గరికి వెళ్తే, దీనికి జవాబు అవసరం లేదని చెప్పి పంపించారు. మన ఆఫీసుల్లో దరఖాస్తు మీద ఫైలు చేయమని ఒక ముక్క వ్రాసి పక్కన పడేసే అలవాటు ఈనాటిది కాదన్నమాట.

నిరుత్సాహపడకుండా ఆ బైండు చేసిన నోట్సును 1812 చివరలో డేవీకే పంపించారు. డేవీ స్వయంగా పేదరికం నుంచి పైకి వచ్చినవారు. పిలిపించి మాట్లాడారు. ఉద్యోగం మాత్రం ఖాళీ లేదన్నారు. కొద్ది వారాల్లో అక్కడి సహాయకుడు ఒకడు ఎవరితోనో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ఖాళీలో 1813 మార్చి 1న ఫారడే నియమితులయ్యారు. వారానికి 25 షిల్లింగుల జీతం, భవనం పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. బైండింగులో వచ్చేదానికంటే అది తక్కువే. అయినా చేరారు.

ఆ సంవత్సరమే డేవీ దంపతులు యూరపు యాత్రకు బయలుదేరారు. ఫారడేను శాస్త్ర సహాయకుడిగా తీసుకువెళ్ళారు. తీరా బయలుదేరే సమయానికి డేవీ నౌకరు రానని మొండికేయడంతో, ఆ నౌకరు పనులు కూడా తాత్కాలికంగా ఫారడే నెత్తిన పడ్డాయి. ఆ తాత్కాలికం ఏడాదిన్నర సాగింది. డేవీ భార్య ఆయనను నౌకర్లతో పాటు కూర్చోబెట్టి భోజనం పెట్టించేది. ఒక దశలో అన్నీ వదిలిపెట్టి ఇంటికి పోదామా అనుకున్నారు. కాని ఆ యాత్రలోనే ఆంపియరును, వోల్టాను కళ్ళారా చూశారు. అవమానాన్ని దిగమింగి, నేర్చుకోవలసింది నేర్చుకుని, 1815లో తిరిగి వచ్చారు.

పాదరసం గిన్నెలో తిరిగిన తీగ

1820లో డెన్మార్కు దేశస్థుడు ఎర్‌స్టెడ్ ఒక విచిత్రం కనిపెట్టారు. కరెంటు పోతున్న తీగ దగ్గర దిక్సూచి పెడితే ముల్లు పక్కకు తిరుగుతోంది. యూరపులోని పండితులందరూ దీనిమీద పడ్డారు. ఇంగ్లండులో వోలస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త, కరెంటు తీగ తన చుట్టూ తానే తిరగాలని ఊహించి, డేవీతో కలిసి 1821లో ప్రయత్నం చేశారు. తీగ తిరగలేదు.

అదే సంవత్సరం జూన్‌లో ఫారడేకు సారా బర్నార్డ్ అనే యువతితో వివాహమైంది. సెప్టెంబరు మొదటి వారంలో ఆయన ఈ సమస్య పట్టుకున్నారు. ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతాన్ని మైనంతో నిలబెట్టారు. పైనుంచి ఒక తీగను వదులుగా వ్రేలాడదీసి, దాని కొన పాదరసంలో మునిగేటట్లు చేశారు. బ్యాటరీ కలిపారు. తీగ అయస్కాంతం చుట్టూ ప్రదక్షిణం చేయడం మొదలుపెట్టింది. కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంది. రెండవ గిన్నెలో తీగను కదలకుండా పెట్టి అయస్కాంతాన్ని వదులుగా ఉంచితే, ఈసారి అయస్కాంతమే తీగ చుట్టూ తిరిగింది. ఆ సంతోషం పట్టలేక ఫారడే బల్ల చుట్టూ గంతులు వేశారనీ, పక్కనున్న చిన్న బావమరిదిని ఆ సాయంత్రం సర్కస్‌కు తీసుకువెళ్ళారనీ చెబుతారు.

ప్రపంచంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు అదే. దానితో నీరు తోడలేము, పిండి విసరలేము. కాని మన ఇంటి ఫ్యానుకు, మిక్సీకి, పొలంలోని పంపుసెట్టుకు మూలపురుషుడు ఆ గిన్నెలోని తీగే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మోటారు గురించి నాకు మొదట చెప్పింది పుస్తకం కాదు. 1980ల మొదట్లో నేను పనిచేసిన డివిజను ఆఫీసు కింద కొన్ని ఎత్తిపోతల పంపుహౌసులు ఉండేవి. అందులో ఒక ముసలి పంపు ఆపరేటరు ఉండేవాడు. సంతకం మాత్రమే వచ్చు. అతను నడుస్తున్న మోటారు మీద అరచేయి ఆన్చి బేరింగు ఎప్పుడు పోతుందో చెప్పేవాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు తిరగక గుర్రుమంటుందనీ, ఆ గుర్రు విన్న వెంటనే స్విచ్చి కట్టేయకపోతే లోపలి వైండింగు కాలిపోతుందనీ నాకు చూపించి చెప్పాడు. లోపల తిరిగే భాగానికీ, బయట కదలని భాగానికీ మధ్య సన్నని సందు మాత్రమే ఉంటుందనీ, రెండూ ఒకదాన్నొకటి తాకకుండానే ఒకటి మరొకదాన్ని తిప్పుతుందనీ అతను చెబితే నేను నమ్మలేదు. ఒకరోజు విప్పిన మోటారు చూపించాడు. ఆ మనిషి గురించి మళ్ళీ చెబుతాను.

నింద

గిన్నెలో తీగ తిరిగిన వార్తను ఫారడే వెంటనే ప్రచురించారు. తొందరలో వోలస్టన్ పేరు వ్రాయలేదు. ఇంకేముంది, బైండింగు కుర్రవాడు పెద్దవారి ఆలోచన దొంగిలించాడని గుసగుసలు బయలుదేరాయి. నిజానికి వోలస్టన్ ఊహించినది ఒకటి, ఫారడే చేసి చూపినది మరొకటి. వోలస్టన్ పెద్ద మనసుతో ఊరుకున్నారు. కాని గురువుగారైన డేవీ మనసు మారింది. 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకునేటప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న డేవీయే వ్యతిరేకించారు. ఓట్లలో వ్యతిరేకంగా పడినది ఒకే ఒక్కటి. ఫారడే నెగ్గారు. కాని ఆ తరువాత జీవితమంతా డేవీ చేసిన మేలునే తలుచుకున్నారు తప్ప, ఆయన గురించి చెడుగా మాట్లాడలేదు. మన సర్వీసులో మనల్ని పైకి తెచ్చినవారే ఒక్కొక్కప్పుడు మన ప్రమోషనుకు అడ్డు తగిలిన సందర్భాలు ఉంటాయి. అటువంటివారి గురించి మనం ఎలా మాట్లాడుతున్నామో ఎవరికి వారు తలచుకోవచ్చు.

తిప్పితే కరెంటు

కరెంటు ఇస్తే తీగ తిరిగింది. మరి తిప్పితే కరెంటు రావాలి కదా? ఈ ప్రశ్న ఫారడేను పదేళ్ళు వదలలేదు. మధ్యలో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం లేదు.

1831 ఆగస్టు 29న ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు చుట్టి, ఒక చుట్టకు బ్యాటరీ కలిపారు. రెండవ చుట్టలో కరెంటు పుట్టింది. అయితే కలిపిన క్షణంలోనూ, తీసిన క్షణంలోనూ మాత్రమే. మధ్యలో ఏమీ లేదు. అప్పుడు ఆయనకు కిటుకు తెలిసింది. అయస్కాంతం ఊరికే ఉంటే లాభం లేదు, ఏదో ఒకటి మారుతూ ఉండాలి, కదులుతూ ఉండాలి.

అంతకు ముందు 1824లో ఫ్రాన్సులో ఆరాగో అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించారు. రాగికి అయస్కాంత గుణం లేదు. అయినా రాగి బిళ్ళను తిప్పుతూ దానిపైన అయస్కాంతపు ముల్లును వ్రేలాడదీస్తే ముల్లు కూడా బిళ్ళ వెంబడి తిరుగుతోంది. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ఫారడే ఆ రాగి బిళ్ళనే తెచ్చుకున్నారు. అడుగు వ్యాసం గల రాగి చక్రాన్ని ఇరుసు మీద నిలబెట్టి, దాని అంచు రాయల్ సొసైటీవారి పెద్ద అయస్కాంతపు రెండు కొనల మధ్య తిరిగేటట్లు అమర్చారు. ఒక తీగ ఇరుసుకు, ఒక తీగ అంచుకు ఒరుసుకునేటట్లు పెట్టారు. 1831 అక్టోబరు 28న చక్రం తిప్పారు. గాల్వనోమీటరు ముల్లు పక్కకు జరిగింది. చక్రం తిరుగుతున్నంతసేపూ అలాగే నిలిచి ఉంది. రెండవవైపుకు తిప్పితే ముల్లు రెండవవైపుకు పోయింది. ఒక్క క్షణం కాదు, తిప్పినంతసేపూ కరెంటు. అది ప్రపంచంలో మొదటి జనరేటరు. ఆరాగో చూసిన వింతకు కారణం కూడా దానితోనే తేలిపోయింది. తిరిగే రాగిలో పుట్టిన కరెంటే ముల్లును లాగుతోంది.

ఇప్పుడు మన శ్రీశైలానికి వద్దాం. కుడి గట్టు విద్యుత్కేంద్రంలో 110 మెగావాట్ల యంత్రాలు ఏడు ఉన్నాయి. పైనుంచి పడే నీరు టర్బైనును తిప్పుతుంది. అదే ఇరుసు మీద ఉన్న జనరేటరు రోటరు తిరుగుతుంది. ఎడమ గట్టున భూగర్భంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. వాటి గొప్పతనం ఏమిటంటే, అవి రెండు పనులూ చేసేటట్లు కట్టినవి. నీరు తిప్పితే కరెంటు ఇస్తాయి. కరెంటు ఇచ్చి వెనక్కు తిప్పితే కింది నీటిని పైకి తోడతాయి. ఒకప్పుడు జనరేటరు, ఒకప్పుడు మోటారు. 1821 నాటి గిన్నె, 1831 నాటి రాగి చక్రం రెండూ ఒకే యంత్రంలో కూర్చున్నాయన్నమాట. బొగ్గుతో నడిచే మన థర్మల్ కేంద్రాల్లో ఆవిరి బలంతో రోటరు నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. మన ఇంటి కరెంటుకు 50 సైకిల్స్ అనే లెక్క అక్కడినుంచే వచ్చింది.

ఫారడే ఈ చక్రాన్ని పేటెంటు చేసుకోలేదు. పారిస్‌లో 1832లోనే పిక్సీ అనేవాడు చేతితో తిప్పే జనరేటరు చేశాడు. ఫారడేకు అభ్యంతరం లేదు. తనకు ప్రకృతి నియమం తెలిస్తే చాలు, యంత్రాలు ఎవరైనా చేసుకోవచ్చునన్నది ఆయన పద్ధతి. కంపెనీలకు రసాయన పరీక్షలు చేసిపెడితే ఏటా పెద్ద ఆదాయం వచ్చేది. పరిశోధనకు సమయం చాలడం లేదని ఆ ఆదాయాన్ని కూడా వదులుకున్నారు. రాయల్ ఇన్‌స్టిట్యూషను ఇచ్చే జీతం ఏడాదికి 100 పౌన్లు, ఉండటానికి గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. పిల్లలు లేరు. భార్యాభర్తలిద్దరూ ధనం కూడబెట్టడం తగదని నమ్మే ఒక చిన్న క్రైస్తవ సమాజానికి చెందినవారు.

పెన్షను కథ

ఇక అసలు విషయానికి వస్తున్నాను. శాస్త్రానికి సేవ చేసిన కొందరికి ప్రభుత్వం పెన్షను ఇచ్చే ఏర్పాటు ఆ రోజుల్లో ఉండేది. 1835లో ఫారడే పేరు ప్రతిపాదనకు వచ్చింది. ఆయనకు మొదట ఇష్టం లేదు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం పనిచేసి బ్రతకగలను, ప్రభుత్వ సొమ్ము ఎందుకని వ్రాయబోతే మామగారు వారించారు. ఈలోగా మంత్రివర్గం మారి లార్డ్ మెల్‌బోర్న్ ప్రధానమంత్రి అయ్యారు. అక్టోబరులో ఫారడేను పిలిపించారు.

ఆ సమావేశంలో మెల్‌బోర్న్ మర్యాద మరచిపోయారు. శాస్త్రజ్ఞులకూ రచయితలకూ పెన్షనులు ఇవ్వడమనేదే ఒట్టి బూటకమనే అర్థం వచ్చే మొరటు మాట ఒకటి అన్నారు. ఫారడే వాదించలేదు. నమస్కారం చేసి బయటకు వచ్చారు. ఆ సాయంత్రమే ఆయన ఆఫీసులో ఒక చీటీ ఇచ్చారు. ఇటువంటి అభిప్రాయం ఉన్నవారి చేతిమీదుగా తాను పెన్షను తీసుకోలేనని దాని సారాంశం. ఏడాదికి 300 పౌన్లు. ఆయన జీతానికి మూడు రెట్లు. ఒక్క చీటీతో వదిలేశారు.

సంగతి పత్రికలకెక్కింది. రాజుగారి దాకా పోయింది. ఇద్దరికీ తెలిసిన ఒక గొప్పింటి మహిళ మధ్యవర్తిత్వం చేసి, ఏమి చేస్తే తీసుకుంటారని ఫారడేను అడిగారు. అన్న మాటకు ప్రధానమంత్రి వ్రాతపూర్వకంగా క్షమాపణ చెబితే తప్ప వీలుకాదని ఆయన స్పష్టంగా చెప్పారు. ప్రధానమంత్రి చేత అటువంటి కాగితం వ్రాయించగలమని ఎవరూ అనుకోలేదు. కాని మెల్‌బోర్న్ కూడా మనిషే. తప్పు ఒప్పుకుని ఉత్తరం వ్రాశారు. 1835 డిసెంబరు 24న పెన్షను మంజూరైంది. ఫారడే తీసుకున్నారు.

ఈ భాగం చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు ఆ పంపు ఆపరేటరు గుర్తుకు వచ్చాడు.

అతను రిటైరైన తరువాత పెన్షను కాగితాలు మా సెక్షనుకే వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో వర్క్‌చార్జ్‌డ్ కాలానికి సంబంధించిన కొన్ని పేజీలు లేవు. ఆ లోపం ఆఫీసుది, అతనిది కాదు. నెలనెలా ఊరినుంచి బస్సెక్కి వచ్చేవాడు. ఒకరోజు అప్పటి అధికారి విసుక్కుని, పెన్షను అంటే సర్కారు దయ అనీ, దయ చేసేవారిని ఇలా తొందరపెట్టకూడదనీ నలుగురి ముందు అన్నారు. ముసలాయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు ఇచ్చి రెండేళ్ళు దాటింది. పెన్షను దయాభిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ గదిలోనే నా కుర్చీలో కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. ఇంక్రిమెంటు, పిల్లల చదువులు, బదిలీ భయం. ఇవన్నీ నిజమే. అయినా నోరు విప్పలేదన్నది కూడా నిజమే.

మరుసటి వారం పాత జీతాల బిల్లులు వెదికించి, అతని సర్వీసుకు ఆధారం చూపి, మళ్ళీ నోటు పెట్టాను. అయిదు నెలలకు ఆర్డరు వచ్చింది. కాగితం తీసుకోవడానికి వచ్చినప్పుడు అతను బకాయి ఎంత వస్తుందని అడగలేదు. ఆనాడు ఆ మాట అన్న దొరగారు ఉన్నారా అని అడిగాడు. బదిలీ అయిపోయారని చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయాడు. డబ్బు వచ్చింది కాని, అతనికి రావలసిన రెండవది రాలేదు. ఫారడేకు ప్రధానమంత్రి ఉత్తరం వ్రాశారు. పంపు ఆపరేటరుకు ఎవరూ వ్రాయలేదు. కనీసం నేనయినా, ఆ రోజు జరిగింది తప్పు తాతా అని ఒక ముక్క అని ఉండవలసింది. అనలేదు. ఇన్నేళ్ళ తరువాత ఈ పత్రిక ద్వారా ఆ ముక్క చెప్పుకుంటున్నాను.

చివరి సంవత్సరాలు

పెన్షను తీసుకున్నంత మాత్రాన ఫారడే పని మానలేదు. 1836 నుంచి దీపస్తంభాలను చూసుకునే ట్రినిటీ హౌస్ సంస్థకు శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. 1858 డిసెంబరులో సౌత్ ఫోర్‌లాండ్ దీపస్తంభంలో మొదటిసారి విద్యుద్దీపం వెలిగింది. ఆవిరి యంత్రంతో తిరిగే జనరేటరు దానికి కరెంటు ఇచ్చింది. రాగి చక్రం తిప్పిన 27 ఏళ్ళకు, అదే సూత్రం మీద పనిచేసే యంత్రం సముద్రం మీది ఓడలకు దారి చూపుతుంటే, దాన్ని పరీక్షించి రిపోర్టు వ్రాసే భాగ్యం ఆయనకే దక్కింది. డెబ్బయి ఏళ్ళకు దగ్గరపడిన వయసులో మంచు పడే చలికాలంలో కూడా అక్కడికి వెళ్ళి వచ్చేవారు.

ఒక గుమస్తాగా నాకు నచ్చిన విషయం ఒకటి ఉంది. ఫారడే తన ప్రయోగాల డైరీలో ప్రతి పేరాకూ వరుసగా నంబరు వేసేవారు. మనం నోట్ ఫైలులో వేసినట్లే. ఆ నంబర్లు 16 వేలు దాటాయి. అది కేవలం పద్ధతి కోసం కాదు. 1840 ప్రాంతం నుంచి ఆయనకు మతిమరుపు పట్టుకుంది. నిన్న చేసినది ఇవాళ గుర్తుండేది కాదు. కొన్నేళ్ళు పని దాదాపుగా ఆపేయవలసి వచ్చింది. అయినా 1845లో మళ్ళీ లేచి, వెలుతురు మీద కూడా అయస్కాంత ప్రభావం ఉంటుందని కనిపెట్టారు. జ్ఞాపకం జారిపోతుంటే ఆ నంబర్లే ఆయనకు ఊతకర్ర అయ్యాయి.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వచ్చి ఒళ్ళో పడితే వద్దన్నారు. చివరిదాకా మైఖేల్ ఫారడేగానే ఉండాలని కోరుకున్నారు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు దగ్గర ఉచితంగా ఒక ఇల్లు ఇచ్చారు. రిపేర్లకు డబ్బు ఎక్కడినుంచి తేవాలా అని ఫారడే వెనకాడితే, ఆ ఖర్చు కూడా రాణిగారే పెట్టుకున్నారు. పిల్లల కోసం క్రిస్మస్ సెలవుల్లో ఇచ్చే ఉపన్యాసాలు ఆయనకు ప్రాణం. 1860 క్రిస్మస్‌కు ఒక కొవ్వొత్తిని ముందు పెట్టుకుని రసాయన శాస్త్రమంతా చెప్పారు. జ్ఞాపకశక్తి ఇక సహకరించదని తెలుసుకుని ఒక్కొక్క బాధ్యతనూ తానే అప్పగించుకుంటూ వచ్చారు. ఎవరూ చెప్పించుకోకముందే కుర్చీ దిగడం కూడా ఒక విద్యే.

1867 ఆగస్టు 25న ఆ ఇంట్లోనే, తన కుర్చీలో కూర్చుని ఉండగా ప్రశాంతంగా కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారమే ఆడంబరం లేకుండా హైగేట్ శ్మశానంలో సమాధి చేశారు. సమాధి రాతి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మినహా బిరుదులు లేవు. ఆయన పోయిన 35 ఏళ్ళకు, 1902లో, కావేరి నీటితో శివసముద్రం దగ్గర తిరిగిన యంత్రాల కరెంటు కోలారు బంగారు గనులకు చేరింది. మన చిత్తూరు వైపునుంచి వెళ్ళిన తెలుగువారు కూడా ఆ గనుల్లో పనిచేశారు. 1991లో విడుదలైన 20 పౌన్ల నోటు మీద బ్రిటిష్ వారు ఆయన బొమ్మ వేసుకున్నారు. డబ్బు వద్దన్న మనిషి బొమ్మ డబ్బు మీదకు ఎక్కింది.

మనవి

సోదరులారా, డిసెంబరు 17 వస్తే మనం నకారా తీర్పును తలుచుకుంటాము. అదే నెల 24వ తేదీన ఫారడేను కూడా ఒకసారి తలుచుకోవలసిందని నా మనవి. పెన్షను ఎంత అన్నది ఒక లెక్క. అది ఏ విధంగా మన చేతికి వస్తున్నదన్నది మరొక లెక్క. ఫారడే మొదటి లెక్కను వదులుకోవడానికి సిద్ధపడి రెండవది సాధించుకున్నారు. మనం అంత చేయలేకపోవచ్చు. కాని ట్రెజరీలోనో, బ్యాంకులోనో మన పక్క వరుసలో నిలబడిన ఒక వృద్ధుణ్ణి ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే, ఒక్క మాట అడ్డు చెప్పవచ్చు. నా సర్వీసులో నేను బాకీ పడిన మాట అది. ఇప్పుడు బదిలీ భయం కూడా లేదు.

ఈసారి మన హాలులో ఫ్యాను తిరగడం మొదలుపెట్టినప్పుడు తల పైకెత్తి చూడండి. అక్కడ ఒక బైండరు ఉన్నాడు. అతని వెనుక, నా కళ్ళకు మాత్రం, ఒక పంపు ఆపరేటరు కూడా కనిపిస్తాడు.